చేతిలో క్యారేజీతో వచ్చిన గాయకుడు

1971లో అమెరికాలో 'జస్ట్ ఆజ్ ఐ యామ్' అనే గ్రామఫోన్ రికార్డు వచ్చింది. దాని అట్ట మీద ముప్పై దాటిన ఒక నల్లజాతి మనిషి ఫ్యాక్టరీ గోడ పక్కన నిలబడి ఉంటాడు. మామూలు బట్టలు, చేతిలో మధ్యాహ్నం తిండి తెచ్చుకున్న క్యారేజీ. అది వేషం వేయించి తీసిన ఫోటో అనుకుంటారు చాలామంది. నిజానికి ఆయన ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. భోజన విరామంలో బయటికి వచ్చి నిలబడితే తీసిన ఫోటో అది. ఆయన పేరు బిల్ విదర్స్. ఈ పూట ఆయన బతుకు గురించీ, పాట గురించీ మీతో మాట్లాడాలని వచ్చాను.

అమెరికాలోని నల్లజాతి వారి చర్చి పాటల్లోంచి, బ్లూస్ పాటల్లోంచి 1950లలో, 60లలో సోల్ సంగీతం పుట్టింది. ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి పిలిచిన గొంతుతోనే ప్రేమనూ, ఎడబాటునూ, రోజువారీ కష్టాన్నీ పాడడం దాని పద్ధతి. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ, మెంఫిస్‌లో స్టాక్స్ కంపెనీ ఆ సంగీతానికి పెద్ద పుట్టిళ్ళు. జేమ్స్ బ్రౌన్, ఓటిస్ రెడ్డింగ్, అరీతా ఫ్రాంక్లిన్, మార్విన్ గే లాంటి మహా గాయకులు దాన్ని ప్రపంచమంతా వినిపించారు. వాళ్ళలో చాలామంది చిన్ననాటి నుంచీ పాడుతూ పెరిగినవాళ్ళు, ఇరవై ఏళ్ళకే పేరు తెచ్చుకున్నవాళ్ళు. విదర్స్ మొదటి రికార్డు వచ్చేసరికి ఆయనకు దాదాపు 33 ఏళ్ళు. ఈ ఆలస్యమే ఆయన పాటకు ప్రాణమని నా నమ్మకం. ఆయన పాటల్లో వినిపించేది అంతకుముందు బతికిన బతుకు.

ఆయన 1938 జూలై 4న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడు. ఆరుగురు పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి గని కార్మికుడు. ఊరంతా బొగ్గు కంపెనీ మీద ఆధారపడ్డదే. కొత్తగూడెం, గోదావరిఖని, మందమర్రి వైపు శ్రోతలకు అలాంటి ఊరి గురించి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. తల్లిదండ్రులు విడిపోయాక ఆ పిల్లవాడు పక్కనే ఉన్న బెక్లీ పట్టణంలో తల్లి తరఫు వాళ్ళ దగ్గర పెరిగాడు. పదమూడో ఏట తండ్రి పోయాడు. ఆ పిల్లవాడికి నత్తి ఉండేది. నోరు తెరిస్తే మాట అడ్డం పడేది. నత్తి ఉన్న పిల్లల్ని బడిలో తోటివాళ్ళు ఎలా చూస్తారో మనకు తెలుసు. ఇంట్లో ఒక్క మనిషి మాత్రం అతనికి కొండంత అండ. ఆవిడ అమ్మమ్మ. ఆవిడ దగ్గరికి తర్వాత మళ్ళీ వస్తాను.

ఆ ఊరి మగపిల్లల ముందున్న దారి నేరుగా గనిలోకే పోతుంది. ఆ దారి తప్పించుకోవడానికి విదర్స్ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో నౌకాదళంలో చేరాడు. అమెరికా సైన్యంలో జాతి విభజనను రద్దు చేస్తూ 1948లోనే ఆదేశం వచ్చినా, నల్లవాళ్ళు చేరితే వంటపనికో, అధికారులకు వడ్డించే పనికో పంపడం ఇంకా మామూలుగానే ఉండేది. ఆ పని నేను చేయనని పట్టుబట్టి, విమానాల మెకానిక్ శిక్షణ తీసుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఆ ఉద్యోగం చేశాడు. నత్తిని లొంగదీసుకున్నది కూడా ఆ ఏళ్ళలోనే. ఎదుటివాళ్ళను మనకన్నా మరీ గొప్పవాళ్ళుగా ఊహించుకోవడం వల్ల భయం పుడుతుందనీ, ఆ భయం తగ్గాక మాట దానంతటదే సాగిందనీ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. మాట కోసం అంత కష్టపడ్డ మనిషి పెద్దయ్యాక పాట రాస్తే ఒక్క మాటనూ వృథా చేయకపోవడంలో వింత లేదు.

1965లో నౌకాదళం వదిలాడు. కాలిఫోర్నియాలో ఇంటింటికీ పాలు వేశాడు, ఫ్యాక్టరీల్లో పనిచేశాడు. అప్పుడే ఒక రాత్రి ఓక్లాండ్‌లోని ఒక క్లబ్బుకు లూ రాల్స్ అనే గాయకుడి పాట వినడానికి వెళ్ళాడు. గాయకుడు రావడం ఆలస్యమైంది. వారానికి 2000 డాలర్లు ఇస్తుంటే సమయానికి కూడా రాడేమని క్లబ్బు మేనేజరు విసుక్కోవడం విదర్స్ చెవిన పడింది. గంటకు మూడు డాలర్ల కూలి మనిషికి అది ఎంత పెద్ద మొత్తమో ఆలోచించండి. ఆ తర్వాత ఒక తాకట్టు దుకాణంలో చవక గిటారు కొనుక్కుని, వాయించడం తనంతట తానే నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కళ కోసం తపించాను, కలలు కన్నాను అని అలంకరించి చెప్పుకోవచ్చు. విదర్స్ మాత్రం డబ్బు సంగతి విన్నాను, అందుకే మొదలుపెట్టాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ నిజాయితీ నాకు ఎంతో ఇష్టం.

1967లో లాస్ ఏంజిలిస్ చేరాడు. వెబర్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీలో బోయింగ్ 747 విమానాలకు మరుగుదొడ్లు తయారుచేసే పని దొరికింది. పగలు అక్కడ పని. మిగిలిన డబ్బుతో నాలుగు పాటలు రికార్డు చేయించుకుని, ఆ నమూనాలు పట్టుకుని కంపెనీల చుట్టూ తిరగడం. చాలా చోట్ల కాదన్నారు. చివరికి సస్సెక్స్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ నడిపే క్లారెన్స్ అవాంట్ విని ఒప్పుకున్నాడు. పాటలు తీర్చిదిద్దడానికి స్టాక్స్ వాద్యబృందం నాయకుడు బుకర్ టి. జోన్స్‌ను పిలిపించాడు. బుకర్ టి. తనతో డ్రమ్స్ వాయించే అల్ జాక్సన్‌నూ, బేస్ గిటారు వాయించే డక్ డన్‌నూ తెచ్చాడు. గిటారుకు స్టీఫెన్ స్టిల్స్ వచ్చాడు. సోల్ సంగీతంలో అంతకన్నా మంచి వాద్యకారులు ఆ రోజుల్లో దొరకరు.

అంతటి వాళ్ళ మధ్య కూర్చోగానే విదర్స్‌కు చెమటలు పట్టాయి. ఈ పాటలు ఎవరు పాడతారు అని అడిగితే, నువ్వే అన్నారు. అప్పటికే పేరున్న గాయకుడు గ్రాహం నాష్ స్టూడియోలో ఉండి, వచ్చి ఎదురుగా కూర్చుని, నీ గొప్ప నీకు తెలియడం లేదని ధైర్యం చెప్పాడట. ఇలాంటి చిన్న చిన్న ఆసరాల మీదే ఎన్నో పెద్ద పాటలు నిలబడ్డాయి.

ఆ రికార్డులోదే 'ఎయింట్ నో సన్‌షైన్'. మనసులోని మనిషి ఇంట్లో లేనప్పుడు ఇల్లు ఎలా ఉంటుందన్నదే పాట. నిడివి రెండు నిమిషాల పైన కొద్ది క్షణాలు. తాగుడుకు బానిసలైన భార్యాభర్తల కథతో 1962లో వచ్చిన 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' సినిమా చూసి ఈ పాట రాశాడు. ఒకరికొకరు చెరుపని తెలిసీ విడిచి ఉండలేని ఇద్దరి సంగతి అందులో ఉంది. పాట మధ్యలో ఒకచోట వాద్యాలు వెనక్కి తగ్గి, డ్రమ్స్ మాత్రమే నడుస్తుంటాయి. విదర్స్ రెండే రెండు చిన్న మాటల్ని వరుసగా 26 సార్లు అంటూ పోతాడు. అక్కడ మరో చరణం రాయాలనే అనుకున్నాడు. ఖాళీగా ఉంది కదా అని ఊరికే ఆ మాటలు పాడాడు. చుట్టూ ఉన్న వాద్యకారులు, అలాగే వదిలెయ్ అన్నారు. అంత అనుభవం ఉన్నవాళ్ళు చెప్తే కాదనడానికి తనెవరని ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత మంచిదైంది! తన మనసుకు తనే నచ్చజెప్పుకుంటూ, చెప్పిందే చెప్పుకుంటూ, చెప్పినకొద్దీ ఓడిపోతున్న మనిషి ఆ మాటల్లో ఉన్నాడు. ఎంత మంచి చరణం రాసినా ఆ పని జరిగేది కాదు.

కంపెనీ వాళ్ళకు ఈ పాట మీద నమ్మకం లేదు. 'హార్లెమ్' అనే పాటను ముందువైపు పెట్టి, దీన్ని రికార్డు వెనకవైపు వేశారు. రేడియోలో పాటలు వేసేవాళ్ళు రికార్డు తిరగేసి వెనకవైపు వినిపించారు. ఈ మైకు ముందు కూర్చుని ఆ మాట చెప్పడం నాకు సంతోషంగా ఉంది. రేడియో వాళ్ళ చెవి ఆ పాటను బతికించింది. పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానం దాకా వెళ్ళింది, గ్రామీ పురస్కారం తెచ్చింది. అయినా విదర్స్ ఫ్యాక్టరీని తొందరపడి వదల్లేదు. సంగీత వ్యాపారం ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు, చేతిలో ఉన్న పని ముఖ్యం అన్నది ఆయన లెక్క. బొగ్గు ఊళ్ళో పుట్టిన పిల్లవాడికి ఆ లెక్క ఒకరు నేర్పాలా?

ఇక అమ్మమ్మ సంగతి. అదే రికార్డులో 'గ్రాండ్‌మాస్ హ్యాండ్స్' అనే పాట ఉంది. రెండు నిమిషాలే. చర్చిలో చప్పట్లు కొట్టిన చేతులు, నొప్పులతో వాచిన చేతులు, పడిపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకున్న చేతులు, దెబ్బ తగలకుండా అడ్డం పడ్డ చేతులు, ఇవే పాటంతా. ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఎక్కడా చెప్పడు. వినేవాళ్ళకు ఆవిడ నిలువెత్తున కనిపిస్తుంది. సోల్ గాయకులు ప్రేయసి మీద వేల పాటలు పాడారు. అమ్మమ్మ చేతుల మీద పాడాలని తోచినవాడు విదర్స్. నన్ను అడిగితే ఆయన రాసినవాటిలో ఇదే అన్నిటికన్నా గొప్ప పాట. పాతికేళ్ళ తర్వాత, 1996లో, బ్లాక్‌స్ట్రీట్ బృందం 'నో డిగ్గిటీ' అనే తమ పాటకు ఈ పాటలోని నాదాన్నే పునాదిగా తీసుకుంది.

రెండో రికార్డు 'స్టిల్ బిల్' 1972లో వచ్చింది. చేతికి కొంచెం డబ్బు రాగానే విదర్స్ ఒక చిన్న ఎలక్ట్రిక్ పియానో కొన్నాడు. దాన్ని వాయించడం రాదు. వేళ్ళు మార్చకుండా ఒక మెట్టు తర్వాత ఒక మెట్టు నొక్కుతూ పైకి, మళ్ళీ అలాగే కిందికి వచ్చాడు. అదే 'లీన్ ఆన్ మీ' పాట అయింది. హార్మోనియం ఉన్న శ్రోతలు చూడండి. ఆ వరస షడ్జమం నుంచి మధ్యమం దాకా ఎక్కి, వచ్చిన దారినే షడ్జమానికి దిగుతుంది. పాఠం మొదలుపెట్టిన పిల్లలు కూడా వాయించగలరు. అందుకే అమెరికాలో బడిపిల్లలకూ, చర్చి బృందాలకూ ఆ పాట నోటికి వచ్చు. కష్టం వస్తే నా మీద ఆనుకో, రేపు నాకూ నీ అవసరం పడుతుంది అన్నది దాని సారం. ఇచ్చేవాడు ఎక్కువ, తీసుకునేవాడు తక్కువ అనే భావం అందులో ఎక్కడా లేదు. ప్రేయసీప్రియుల ఊసు లేని ఆ స్నేహగీతం 1972 జూలైలో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

ఆ భావం ఎక్కడిదంటే స్లాబ్ ఫోర్క్ అని ఆయన చెప్పేవాడు. అక్కడ ఇరుగుపొరుగు ఒకరికొకరు నిజంగా ఆసరా. లాస్ ఏంజిలిస్‌లో అది కనబడక ఊరు గుర్తొచ్చి రాశాడు. ఆయన ఒక ఇంటర్వ్యూలో మరో సంగతి చెప్పాడు. ఒకసారి అలబామా వైపు కారులో పోతుంటే దారిలో టైరు పేలింది. గుట్ట మీదుగా ఒక తెల్లవాడు వచ్చాడు. ఆ రోజుల్లో, ఆ ప్రాంతంలో, ఒంటరి నల్లవాడికి ఆ దృశ్యం గుండె ఆగేంత భయం. ఆ మనిషి సంగతి అడిగి, వెనక్కి నడిచి వెళ్ళి, ఒక టైరు పట్టుకొచ్చి, దగ్గరుండి వేయించి పోయాడు. జాతి ద్వేషాన్ని కళ్ళారా చూసిన మనిషి ఈ సంగతిని కూడా గుర్తుపెట్టుకున్నాడు కాబట్టే ఆ పాటను ఎవరైనా పాడుకోగలుగుతున్నారు.

అదే 1972లో అక్టోబరు 6న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో ఆయన కచేరీ జరిగింది. దాన్ని రికార్డుగా వేశారు. వెనక వాయించినవాళ్ళు వాట్స్ 103rd స్ట్రీట్ రిథమ్ బ్యాండ్ నుంచి వచ్చినవాళ్ళు. ముఖ్యంగా జేమ్స్ గాడ్సన్ డ్రమ్స్ వినండి. ఎంత తక్కువ వాయిస్తే ఎంత ఊపు వస్తుందో తెలుస్తుంది. అందులో 'ఐ కాంట్ రైట్ లెఫ్ట్ హ్యాండెడ్' అనే పాట ఉంది. వియత్నాం యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న కుర్రవాడు, అమ్మకు ఉత్తరం రాయాలి, ఎవరైనా రాసిపెడతారా అని అడుగుతాడు. అంతే. యుద్ధం తప్పని ఉపన్యాసం లేదు, ప్రభుత్వాన్ని తిట్టడం లేదు. అప్పటికి ఆ యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది. తొమ్మిదేళ్ళు యూనిఫారం వేసుకున్న మనిషి పాడుతుంటే ఆ సభ ఎలా విన్నదో ఆ రికార్డులో తెలుస్తుంది. యుద్ధం మీద వచ్చిన పాటల్లో ఇంతకన్నా మనసును పిండేది నేను వినలేదు.

1974లో జైరే దేశంలోని కిన్షాసాలో, మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్‌ల బాక్సింగ్ పోటీ సందర్భంగా జరిగిన పెద్ద సంగీతోత్సవంలో జేమ్స్ బ్రౌన్, బి.బి. కింగ్‌లతో పాటు విదర్స్ కూడా పాడాడు. ఆ సమయానికే సస్సెక్స్ కంపెనీతో డబ్బు దగ్గర పేచీలు వచ్చాయి. కోపంలో ఒక రికార్డు మొత్తాన్ని టేపుల మీద చెరిపేశానని ఆయనే చెప్పాడు. 1975లో ఆ కంపెనీ మూతపడింది. ఆయన కొలంబియా అనే మహా పెద్ద కంపెనీకి మారాడు.

కొలంబియాలో 1977లో 'లవ్లీ డే' వచ్చింది. చివర్లో ఒకే స్వరాన్ని 18 సెకన్లు పట్టి నిలుపుతాడు. ఊపిరి సత్తా చూపించాలన్న పట్టుదల అందులో వినపడదు. పొద్దున్నే కిటికీ తెరిచినంత హాయిగా ఉంటుంది. కానీ ఆ కంపెనీలో ఆయనకు ఊపిరాడలేదు. సోల్ గాయకుడు ఎలా పాడాలో, నల్లవాళ్ళు ఏ పాటలు కొంటారో తమకు తెలుసనుకునే అధికారులు ఆయనకు సలహాలు చెప్పేవాళ్ళు. ఎల్విస్ ప్రెస్లీ పాడిన పాటను మళ్ళీ పాడమని కూడా ఒకరు అడిగారట. సొంత పాట తప్ప మరొకటి పాడనక్కర్లేని మనిషిని అలా అడగడం అన్యాయం. 1978 తర్వాత ఏడేళ్ళ పాటు ఆయన పేరు మీద కొత్త రికార్డు రాలేదు. ఆ మధ్యలో శాక్సఫోన్ విద్వాంసుడు గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ రికార్డులో 'జస్ట్ ది టూ ఆఫ్ అజ్' పాడితే, అది 1981లో రెండో స్థానానికి వెళ్ళి ఆయనకు రెండో గ్రామీ తెచ్చింది. ఆ రికార్డు వేసింది వేరే కంపెనీ.

1985లో చివరి రికార్డు వేసి, ఆయన వెళ్ళిపోయాడు. అప్పటికి 47 ఏళ్ళు. గొంతు పోలేదు, జబ్బు లేదు, అప్పుల్లో లేడు. ఇష్టం లేని పద్ధతిలో పాడడం కన్నా పాడకపోవడం మేలనుకున్నాడు. తన పాటల హక్కుల్ని భార్య మార్షా చూసుకుంది. పిల్లల్ని పెంచారు. ఇంటి పనులు, కట్టుబడి పనులు చేసుకున్నాడు. 1987లో క్లబ్ నూవో అనే బృందం 'లీన్ ఆన్ మీ' పాడి దాన్ని మళ్ళీ మొదటి స్థానానికి తీసుకెళితే, రచయితగా మూడో గ్రామీ ఇంటికే వచ్చింది. 2009లో వచ్చిన 'స్టిల్ బిల్' అనే డాక్యుమెంటరీలో, నత్తి ఉన్న పిల్లల నాటక బృందం దగ్గరికి ఆయన వెళ్ళిన ఘట్టం ఒకటి ఉంది. ఆ పిల్లలతో మాట్లాడుతూ ఆయన కన్నీళ్ళు ఆపుకోలేకపోయాడు. ఆ మనిషిని తెలుసుకోవడానికి అది చూడాలి.

వదిలేసి వెళ్ళడాన్ని చాలామంది ఓటమిగా రాశారు. నేను ఒప్పుకోను. ఎనిమిది స్టూడియో రికార్డులు, ఒక కచేరీ రికార్డు, అంతే ఆయన మొత్తం పని. అందులో పాతిక పాటలు ఎప్పటికీ నిలిచేవి. నలభై ఏళ్ళు పాడి అంత మిగుల్చుకున్నవాళ్ళు ఎందరు? పేరు పోతుందన్న భయం ఆయనకు లేదు, ఎందుకంటే పేరు లేకుండా ముప్పై ఏళ్ళు బాగానే బతికాడు. ఆలస్యంగా రావడం ఆయనకిచ్చిన బలం ఇదే. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి గాయకుడు స్టీవీ వండర్ ఆయన్ని ఆహ్వానించాడు.

2020 మార్చి 30న, 81వ ఏట, గుండె జబ్బుతో లాస్ ఏంజిలిస్‌లో బిల్ విదర్స్ కన్నుమూశాడు. అప్పుడు కరోనా వల్ల ప్రపంచం తలుపులు వేసుకుని కూర్చుంది. ఆ రోజుల్లోనే ఎన్నో ఊళ్ళల్లో జనం ఇళ్ళలోంచి 'లీన్ ఆన్ మీ' పాడుకుంటూ ఆసుపత్రి సిబ్బందికి కృతజ్ఞత చెప్పారు. ఆయన పోయిన వార్త బయటికి వచ్చేనాటికి ఆ పాట అప్పటికే జనం నోట ఉంది.

శ్రోతలారా, ఈయన పాటలు వినడానికి ఇంగ్లీషు ఎక్కువ రానక్కర్లేదు. అన్నీ చిన్న చిన్న మాటలే. మొదట అమ్మమ్మ చేతుల పాట వినండి. ఆ తర్వాత వీలు చూసుకుని కార్నెగీ హాల్ కచేరీ రికార్డును మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపకుండా వినండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.